గోతిలో జెండా

ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారని పెద్దలంటారు. పాపం ఆ పెద్దలు తాళ్ళవలస మున్సిపాలిటీ చూసి ఉండరు. నూలుసంత వీధిలో మురుగుకాలువ మీది మూత ఇసక లారీ కింద పడి విరిగిన దగ్గర్నుంచీ, గొయ్యి తీసినవాళ్ళు తప్ప మిగతా ఊరంతా వంతులవారీగా అందులో పడుతూనే ఉంది. ఓ గేదెదూడ పడింది. పాలవాడు పడ్డాడు. పెళ్ళి ఊరేగింపులో క్లారినెట్ వాయించేవాడు వాయిస్తూ వాయిస్తూ పడ్డాడు. లోపలికి వెళ్ళాక కూడా పాట ఆపలేదని చెప్పుకుంటారు గాని, అది మేళగాళ్ళు పుట్టించిన మాటే అయి ఉంటుంది.

ఆ గోతికి సరిగ్గా ఎదురుగా సన్యాసిరావు కుట్టుమిషను కొట్టు. పేరు సన్యాసి, బతికేది ఆడవాళ్ళ జాకెట్ల మీద. ఈ విషయమై ఊళ్ళో వేయవలసిన హాస్యాలన్నీ ఎప్పుడో వేసేశారు కాబట్టి మనం కొత్తగా వేయనక్కర్లేదు. కొట్టు వెనకే ఇల్లు. ఇంట్లో భార్య నూకాలు, తల్లి అప్పయ్యమ్మ.

అసలు చిక్కంతా ఈ అప్పయ్యమ్మతోనే. ఆవిడకి రెండు కళ్ళకీ శుక్లాలు. ఆపరేషను చేయించుకోమంటే, "నా కంట్లో కత్తెట్టడానికి నానేటి వొంకాయనేట్రా?" అంటుంది. లోకంలోని రంగులన్నీ ఆవిడకి మజ్జిగలో కలిసిపోయాయి. ఎరుపు ఒక్కటే ఇంకా కంటికి ఆనుతుంది. కదలకుండా ఇంట్లో కూర్చునే మనిషా అంటే, కాదు. వీధికి అవతల చిన్నమ్మి బడ్డీ ఉంది. అక్కడికి పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సందె వేళ ఒకసారి వెళ్ళి, చుట్ట కొనుక్కుని, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చి, ఊరి సంగతులన్నీ కడిగి ఆరేసి వస్తే గాని ఆవిడకి ప్రాణం కుదుటపడదు. ఇంటికీ బడ్డీకీ మధ్య గొయ్యి.

మూత వేయించండి మహాప్రభో అని సన్యాసిరావు మున్సిపాలిటీ చుట్టూ తిరిగి తిరిగి, ఆఖరికి మనవాళ్ళందరూ చేసే పనే చేశాడు. ఓ వెదురుకర్ర గోతిలో దిగేసి, దాని కొసకి ఎర్రగుడ్డ కట్టాడు. గుడ్డ నూకాలు పాత లంగాలోది. ఆ రోజు నుంచీ అప్పయ్యమ్మ ఎర్రమచ్చ కనబడగానే ఎడమ పక్కకి జరిగి, గోతిని తిట్టి, బడ్డీకి క్షేమంగా చేరుకుంటోంది. వానలు పడే లోపల మూత పడితే చాలు, సన్యాసిరావుకి ఇంకే కోరికా లేదు. వాన పడిందంటే వీధీ గొయ్యీ ఒకటే నీళ్ళు.

ఇలా ఉండగా కమిషనర్ విద్యాసాగర్ గారు ఏదో మహానగరంలో మూడు రోజులు శిక్షణ పొంది వచ్చారు. శిక్షణ దేనిమీదో ఎవరికీ తెలియదు గాని, ఆయన మాత్రం పూర్తిగా మారిపోయి వచ్చారు. వచ్చీ రాగానే కౌన్సిల్ సమావేశం పెట్టి ప్రకటించారు.

"పర్యావరణ పరిరక్షణ అనేది ఇకమీదట పారిశుధ్యం పని కాదు. అది ఒక సామూహిక సృజనాత్మక ప్రక్రియ! ప్రతి గృహమూ ఒక జెండాను స్వహస్తాలతో తయారుచేసి తమ గుమ్మం ముందు నిలబెట్టవలెను. అన్ని జెండాలూ కలిపి మన పట్టణమే ఒక మహా కళాఖండం కావలెను."

పర్యావరణం కాబట్టి ఆకుపచ్చ జెండాలన్నారు. అది ఫలానావారి రంగు, ఒప్పుకోమని ఓ కౌన్సిలరు లేచాడు. ఇంకో రంగు అన్నారు. దానికీ ఓ సొంతదారు లేచాడు. చూడబోతే ప్రతి రంగుకీ ఓ పార్టీయో, ఓ గుడో, ఓ దర్గాయో, ఓ సినిమా హీరో అభిమాన సంఘమో సొంతదారుగా తేలింది. తెలుపంటే లొంగిపోయినట్టూ, నలుపంటే నిరసన తెలిపినట్టూ అవుతుందన్నారు. సాయంత్రానికి ఎవరూ ముట్టని రంగు ఒక్కటే మిగిలింది, బూడిదరంగు. పర్యావరణానికి అదే తగిన రంగని ఏకగ్రీవంగా తీర్మానించి లేచారు.

జెండాలకి కర్రలు కావాలి గనక మున్సిపల్ పార్కులో వేపచెట్లు కొట్టించారు. 'చెట్లను కాపాడండి' అనే జెండాలే ఎక్కువ కాబట్టి చెట్లు కూడా ఎక్కువే పట్టాయి. స్వహస్తాలతో అన్నారని జనమంతా గుడ్డలు స్వహస్తాలతో పట్టుకొచ్చి సన్యాసిరావు కొట్లో పడేసి పోయారు. మిషను తొక్కేది కాళ్ళతోనే అయినా గుడ్డని తోసేది చేతులతోనే కదా అని అతను సమాధానపడి వీధివీధంతా కుట్టి ఇచ్చాడు. తన గుమ్మానికి జెండా కుట్టుకోవడం మాత్రం మరచిపోయాడు.

జెండాలు చూసి కళాఖండమో కాదో తేల్చడానికి పట్నం నుంచి మందాకిని గారనే కళా సలహాదారు దిగారు. భుజాన గోనెసంచి లాంటి సంచీ, ముక్కు మీద పెద్ద కళ్ళజోడు. వెనక కమిషనర్ గారు, ఆయన వెనక రోడ్లూ కాలవలూ చూసే ఏ.ఈ. జగ్గారావు, ఆయన వెనక గొడుగు. ఊరంతా తిరిగినా ఆవిడ ముఖం వికసించలేదు. ప్రతి జెండా దగ్గరా, "ఇందులో వేదన లేదు," అంటూ ముందుకి నడిచారు. లేని వేదన ఎక్కణ్ణించి తేవాలా అని కమిషనర్ గారికి చెమటలు పట్టాయి.

నూలుసంత వీధి మొదట్లో ఆవిడ ఠక్కున ఆగిపోయారు.

"ఎవరూ ముందుకి రావద్దు," అన్నారు.

కమిషనర్ గారు గొయ్యి చూసి బెదిరిపోయారు. "రేపే మూయించేస్తాం మేడమ్. జగ్గారావుగారూ, ఏమిటిది?"

"మూయించడమా?" ఆవిడ ఆయన వైపు జాలిగా చూశారు. "మీ జెండాలన్నీ భూమి గురించి మాట్లాడుతున్నాయి కమిషనర్ గారూ. ఇదొక్కటే భూమి లోపల్నించి మాట్లాడుతోంది."

సరిగ్గా అప్పుడే లోపల్నించి బుడబుడమని చప్పుడొచ్చింది. అధికారులంతా ముక్కులు మూసుకుని శ్రద్ధగా విన్నారు.

"ఎవరిదీ సృష్టి?" అని అడిగారు మందాకిని గారు.

మున్సిపాలిటీ వాళ్ళు ఎవరిది అని అడిగారంటే జరిమానా కోసమేనని సన్యాసిరావుకి తెలుసు. "నాది కాదండి," అన్నాడు.

ఇంట్లోంచి నూకాలు అరిచింది. "నాదేనండి! నా లంగా అది. సెప్పకండా సింపీసినాడు!"

"విన్నారా?" మందాకిని గారు కమిషనర్ గారి వైపు తిరిగారు. "స్త్రీ దేహాన్ని కప్పిన వస్త్రం, పుడమి దేహానికైన గాయం మీద. ఏమయ్యా, ఎరుపే ఎందుకు ఎంచుకున్నావు?"

"మాయమ్మకి ఎరుపొక్కటే ఆన్తాదండి. మరేటీ కనిపించదు."

"తల్లి," అని ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "చూపు కోల్పోయిన తల్లి. బిడ్డల నెత్తురు తప్ప ఇంకేదీ కనిపించని తల్లి."

"అబ్బే, నిజంగా మాయమ్మేనండి. అదిగో, ఆ బడ్డీకాడ సుట్ట కాల్తంది," అన్నాడు సన్యాసిరావు. అప్పటికే ఎవరూ అతని మాట వినడంలేదు.

సరిగ్గా ఆ సమయానికే వీధి మొగలోంచి ఓ ట్రాక్టరు వచ్చింది. అందులో కొత్త సిమెంటు మూత ఉంది. ఇన్నాళ్ళ తిరుగుడికి ఫలితంగా, గోతికి సరిగ్గా కొలతపెట్టి పోసిన మూత. దాన్ని చూసి సన్యాసిరావుకి కళ్ళనీళ్ళు తిరిగాయి. కమిషనర్ గారు చెయ్యెత్తి ట్రాక్టరు ఆపించేశారు.

"అయ్యా, అది గోతికే కదండీ," అన్నాడు సన్యాసిరావు.

"సదరు గొయ్యి ఈ క్షణం నుంచి గొయ్యి కాదు. రక్షిత కళాఖండం," అన్నారు కమిషనర్ గారు.

మూత ఊరికే పోకూడదని, దాన్ని గోతి పక్కన నిలువుగా పాతించి, 'ధరణి గాయం' అని పెద్ద అక్షరాలతో చెక్కించారు. కింద ఛైర్‌పర్సన్ గారి పేరు, కమిషనర్ గారి పేరు, ఏ.ఈ. గారి పేరు, సిమెంటు పోసిన కాంట్రాక్టరు పేరు వేశారు. సన్యాసిరావు పేరుకి చోటు చాల్లేదు. చోటు చాలని పేరుగల మనిషి మళ్ళీ మర్నాడు మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళి, నాకు ఖ్యాతి వద్దు, మూత కావాలని అడిగాడు.

"చూడు సన్యాసిరావ్, సృష్టించడం వరకే కళాకారుడి పాత్ర. ఆ తరువాత అది సమాజానిది. నువ్వు దాన్ని మూయమనడం, సమాజ ఆస్తికి నష్టం కలిగించే దురుద్దేశం కిందకి వస్తుంది," అన్నారు కమిషనర్ గారు.

ఇక్కణ్ణించి వ్యవహారం పరుగందుకుంది. మన ప్రభుత్వ యంత్రాంగం కదలదు గాని, కదిలిందంటే ఆపేవాడు లేడు. గోతి పరిరక్షణ ఉపసంఘం ఏర్పడింది. గొయ్యి చెత్తతో పూడిపోకుండా వారానికోసారి పూడిక తీయించాలని తీర్మానించారు. పక్క కాలవలన్నీ పూడిపోయి ఊరు కంపుకొడుతుంటే, ఆ గొయ్యి ఒక్కటీ అద్దంలా ఉండేది. వీధిలోవాళ్ళు ఓ రాత్రి ఇటుకముక్కలు తెచ్చి పోస్తే, తెల్లారేసరికి తీయించి జరిమానాలు వేశారు. ఎవరూ మూయకుండా గున్నయ్య అనే కాపలాదారుని పెట్టారు. ఎవరూ పడకుండా చూడటం కూడా తన పనేనా అని గున్నయ్య అడిగితే, ఉపసంఘం దాన్ని లోతుగా చర్చించింది. సామూహిక కళ అన్నాక ప్రజల భాగస్వామ్యం ఉండాలి. చూసి కావాలని పడ్డవాడు కళాఖండానికి హాని చేసినట్టు. చూసుకోక పడ్డవాడు భాగస్వామి. అంచేత గున్నయ్య ఎవరైనా పడగానే ముందు పేరూ వార్డూ అడిగి, చూసి పడ్డావా చూడక పడ్డావా అని నిర్ధారించుకుని, ఆ తరువాతే చెయ్యందించేవాడు.

మిగతా వార్డుల కౌన్సిలర్లు ఊరుకుంటారా? మా వార్డులో గోతులు లేవా, మా ప్రజలకి వేదన లేదా అని సభలో బల్లలు గుద్దారు. ఊళ్ళో గోతులన్నిటికీ బూడిదరంగు జెండాలు పాతి, రోడ్ల మరమ్మతు నిధులు వాటి పోషణకి మళ్ళించారు. ఎనిమిదో వార్డులో మాత్రం ఓ అమాయకపు కాంట్రాక్టరు చేసిన పొరపాటు వల్ల రోడ్డు నున్నగా ఉండిపోయింది. ఆ వార్డు జనం ఇది వివక్ష అని ధర్నా చేస్తే, ఏ.ఈ. గారు స్వయంగా నిలబడి గోతులు తవ్వించి వాళ్ళకి న్యాయం చేశారు.

ఇవన్నీ సన్యాసిరావు భరించాడు. ఎర్రగుడ్డ ఎగురుతున్నంత కాలం తల్లికి ఢోకా లేదు, మిగతా ఊరు ఎలా పోతే మనకేమని కుట్టుకుంటూ కూర్చున్నాడు. కాని మబ్బులు పట్టే రోజుల్లో ఓ పొద్దున మందాకిని గారు వచ్చి, అసలు జెండా ఎండకి వెలిసిపోతోందనీ, ఇలాంటి అపురూపమైన వస్త్రాన్ని గాలికీ ధూళికీ వదలడం నేరమనీ తేల్చారు. నూకాలు లంగాముక్క గాజుపెట్టెలో పడి కమిషనర్ గారి ఏసీ గదిలోకి వెళ్ళిపోయింది. దాని బదులు గోతిలో బూడిదరంగు జెండా దిగింది.

ఆ మధ్యాహ్నం అప్పయ్యమ్మ చుట్టకి బయల్దేరి, ఎర్రమచ్చ కోసం వెతుక్కుంటూ తిన్నగా గోతి మీదికే నడిచింది. నూకాలు చేతిలో ఉన్న గంటె పారేసి పరిగెత్తుకొచ్చి కొంగు పట్టి లాగకపోతే లోపలికి పోయేదే. అది చూసి సన్యాసిరావు మిషను మీంచి లేచాడు. కత్తెర చేత పట్టుకునే మున్సిపల్ ఆఫీసుకి పరిగెత్తాడు.

"ఎర్రగుడ్డ మార్సీసినారేటండి! మాయమ్మ సచ్చిపోద్దండి!"

"ముందు ఆ కత్తెర కింద పెట్టు," అన్నారు కమిషనర్ గారు. "ఎరుపు రంగు కౌన్సిల్ తీర్మానానికి విరుద్ధం. అసలు జెండా తీర్మానానికి పూర్వం వెలసింది కాబట్టి ఇన్నాళ్ళూ ఉపేక్షించాం. నకలుకి ఆ మినహాయింపు వర్తించదు."

"ఆ గాజుపెట్టిలోదే ఇచ్చీండి బాబూ. అది మా ఇంటి లంగా."

"అది జాతి సంపద," అన్నారాయన.

ఇంటికొచ్చి ఇంకో ఎర్రగుడ్డ కట్టాడు. సాయంత్రానికల్లా గున్నయ్య దాన్ని పీకేసి, సన్యాసిరావు రచించిన కళాఖండానికి సన్యాసిరావే అనుమతి లేకుండా నకలు తయారుచేశాడని ఫిర్యాదు రాసుకుపోయాడు. తల్లి కాళ్ళు పట్టుకుని కొన్నాళ్ళు గడప దాటొద్దని బతిమాలాడు. "నా సుట్ట నాను తెచ్చుకోలేని నాడు నన్ను పాడె మీదెట్టీరా," అందావిడ. చుట్టలు కట్టగా కొని తెచ్చిస్తే, కబుర్లెవడు కట్టి తెస్తాడని అడిగింది.

మర్నాడు వాన మొదలైంది. గంట తిరక్కుండా నూలుసంత వీధి ఏరైంది. గొయ్యి ఎక్కడుందో, వీధి ఎక్కడుందో దేవుడిక్కూడా తెలియదు. సన్యాసిరావు ఎవరి పెళ్ళికో కుట్టాల్సిన ఎర్ర సాటిన్ తాను తీశాడు. కొలతలు చూసుకోకుండా చొక్కా కుట్టాడు, లాగు కుట్టాడు, మిగిలిన ముక్క తలకి చుట్టుకున్నాడు. వెళ్ళి గోతి అంచున మోకాలిలోతు నీళ్ళలో నిలబడ్డాడు. వీధిలోవాళ్ళు నవ్వారు. నూకాలు నవ్వలేదు. గుమ్మంలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

సందె వేళకి అప్పయ్యమ్మ నెత్తిన ప్లాస్టిక్ సంచీ వేసుకుని బయల్దేరింది. దూరాన్నించి ఎర్రమచ్చ కనిపించింది. అలవాటుగా ఎడమ పక్కకి జరిగింది.

"హమ్మయ్య, జెండా మళ్ళీ ఎట్టీసినారు," అనుకుంది పైకే.

జెండా ఏమీ మాట్లాడలేదు. మాట్లాడితే ఏడుపొస్తుందని దాని భయం.

ఆవిడ ఎప్పుడు బయల్దేరుతుందో చెప్పలేం కాబట్టి ఆనాటి నుంచి సన్యాసిరావు పొద్దస్తమానం అక్కడే నిలబడ్డాడు. నూకాలు మిషను తొక్కడం మొదలుపెట్టింది. రెండు రోజులకి జెండా దగ్గడం మొదలెట్టేసరికి, అదెవరో అప్పయ్యమ్మ పోల్చేసుకుంది. గున్నయ్యకి ఏం చేయాలో పాలుపోలేదు. జెండా అయితే పీకేవాడు. పై నుంచి ఉత్తర్వులు రానీ అని ఊరుకున్నాడు.

ఉత్తర్వులు కాదు, ఏకంగా రాష్ట్రస్థాయి న్యాయనిర్ణేతే వచ్చారు. కమిషనర్ గారు రాష్ట్ర పోటీకి పంపిన ఊరి జెండాలకి బహుమతి ఇవ్వాలో వద్దో తేల్చడానికి. బక్కపల్చటి మనిషి, చేతిలో నిబంధనల పుస్తకం. గోతి దగ్గర తడిసి ముద్దై దగ్గుతున్న ఎర్రటి సన్యాసిరావుని చూసి కమిషనర్ గారి ముఖం కౌన్సిల్ జెండా రంగుకి తిరిగింది. "ఇది అనధికారం! ఇది ఎరుపు!" అన్నారు.

"ఇది పరాకాష్ఠ," అన్నారు మందాకిని గారు. "గాయం పక్కన గుడ్డ పోయి మనిషే నిలబడ్డాడు. కళాకారుడే జెండా అయిపోయాడు! కమిషనర్ గారూ, ఇంతకన్నా వేదన మీకెక్కడ దొరుకుతుంది?"

దొరకదని కమిషనర్ గారికీ అనిపించింది. న్యాయనిర్ణేత మాత్రం పుస్తకం తిరగేసి తల అడ్డంగా ఊపారు. "జెండా స్వహస్తాలతో తయారైనదై ఉండాలి. నిబంధనలో స్పష్టంగా ఉంది. ఇతన్ని తయారుచేసిందెవరు?"

 బడ్డీ దగ్గర కూర్చున్న అప్పయ్యమ్మ నోట్లోంచి చుట్ట తీసి అంది.

"నానే సేసినాను బాబూ. తొమ్మిది నెలలు మోసి సేసినాను. మిసనెట్టి కుట్టలేదు."

న్యాయనిర్ణేత ఆలోచించారు. పుస్తకంలో దీనికి అభ్యంతరం కనిపించలేదు. కళాఖండం: సన్యాసిరావు. రచయిత్రి: అప్పయ్యమ్మ. ప్రథమ బహుమతి తాళ్ళవలసకి. కళాఖండం పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా చెదరకుండా యథాస్థానంలో ఉండవలెనని కమిషనర్ గారు అప్పటికప్పుడే ఉత్తర్వు ఇచ్చారు. జీతమేమైనా ఇస్తారా అని నూకాలు అడిగితే, గౌరవం ఇస్తామన్నారు.

టౌన్‌హాల్లో సన్మానసభ పెట్టారు. అప్పయ్యమ్మకి శాలువా కప్పారు. ఆవిడ దాన్ని తడిమి, చలికాలం పనికొస్తుందని మడిచి ఒళ్ళో పెట్టుకుంది. కమిషనర్ గారు గంటసేపు మాట్లాడారు. మందాకిని గారు ఇంకా లోతుగా మాట్లాడారు. ఆఖర్న మైకు ముసలమ్మ మూతి దగ్గర పెట్టి, రచయిత్రిగా తమ సందేశం వినిపించమన్నారు.

"నాకేటొద్దు బాబూ," అంది అప్పయ్యమ్మ. "ఆ గొయ్యి మూసీండి. నా కొడుకు వోనలో నిలబడి నిలబడి దగ్గుతన్నాడు. రేత్రల్లా దగ్గే. ఆ గొయ్యి మూసీత్తే ఆడు ఇంటికొచ్చి నాలుగు మెతుకులు తిని తొంగుంటాడు. నాకదే సాలు."

గుసగుసలాడుతున్నవాళ్ళు కూడా ముసలమ్మ వైపు తిరిగారు. వెనక వరసలో సన్యాసిరావు లేచి నిలబడ్డాడు. ఇన్నాళ్ళ తిరుగుడులో మొదటిసారి ఎవరో తన మాట విన్నారనిపించింది. మందాకిని గారు కళ్ళు తుడుచుకుంటూ లేచి చప్పట్లు కొట్టారు. కమిషనర్ గారు లేచి కొట్టారు. హాలంతా లేచి, చేతులు ఎర్రబడేలా కొట్టింది. ఆ మాటల్ని బంగారురంగు అక్షరాలతో రాయించి గోతి దగ్గర బోర్డు పెట్టించాలని అక్కడికక్కడే తీర్మానించి, టిఫిన్లకి వెళ్ళారు.

తల్లీ కొడుకూ సన్నటి జల్లులో ఇంటికి బయల్దేరారు. అతను ముందు, అతని ఎర్ర చొక్కా కొస పట్టుకుని ఆవిడ వెనక.

"మూసీత్తారేట్రా?" అంది.

"సప్పట్లు కొట్నారు కదే అమ్మా."

"అయితే మరి మూయరు," అంది అప్పయ్యమ్మ.

నూలుసంత వీధి నీళ్ళతో నిండి ఉంది. సన్యాసిరావు కాలితో తడిమి తడిమి గోతి అంచు కనిపెట్టి, తల్లిని ఎడమ పక్కకి తిప్పాడు. ఆవిడ ఓ అడుగు వేసి ఆగింది. చేతిలోని చొక్కా కొసని కళ్ళ దగ్గరికి లాక్కుని చూసుకుంది.

"ఒరే సన్నాసీ, రేపు కొంచెం ముదురెరుపు గుడ్డ కుట్టుకోరా. ఇదీ మసకయిపోతంది," అంది.

"అలగేనే అమ్మా," అన్నాడు సన్యాసిరావు.